నిద్ర టాబ్లెట్ మానడానికి పదకొండు నెలలు (నా అనుభవం)

మొన్న శనివారంతో, నిద్ర టాబ్లెట్ మాన్పించడానికి దాని బదులు ఇచ్చిన డయాజెపామ్ ఆఖరి ముక్క కూడా అయిపోయింది. చేతులు ఇంకా కొంచెం వణుకుతున్నాయి గానీ ఇప్పుడు రాయకపోతే ఈ కోపం చల్లారిపోతుంది, అది నాకిష్టం లేదు.

నిద్ర పట్టట్లేదని వెళ్తే డాక్టర్ ఆల్ప్రజోలమ్ 0.25 రెండు వారాలకి రాశాడు. ఆ రెండు వారాలు మూడేళ్లయ్యాయి. వెళ్లిన ప్రతిసారీ తలెత్తకుండా "అదే కంటిన్యూ చెయ్యండి" అనడమే. ఒంటికి అలవాటైపోతే పాత డోసు పని చెయ్యదు కదా, అలా అలా 1 మిల్లీగ్రాముకి చేరా. 2020లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ రకం మందులన్నిటికీ అలవాటు పడిపోతారని మందు వివరాల కాగితంలో గట్టి హెచ్చరిక పెట్టించింది, మా డాక్టరుకి అది చదివే తీరిక లేదేమో.

ఓసారి పౌరుషానికి పోయి ఒక్కసారే మానేశా. మూడో రోజుకి చెమటలు, గుండె దడ, గోడలు ఊగడం. ఫిట్స్ వచ్చి ప్రాణాలు పోయేవాళ్లు కూడా ఉంటారట. ఎవరూ ఇలా చెయ్యకండి బాబూ.

డీ-అడిక్షన్ సెంటర్లో పేరు రాయించుకోవడం పది నిమిషాల పని. అసలు కథ యూరిన్ టెస్టు దగ్గర. చేతిలో ప్లాస్టిక్ కప్పు పెట్టి, తలుపు మూయొద్దు అన్నాడు అటెండరు. వేరేవాళ్ల శాంపిల్ తెచ్చి పోస్తారని రూలట. ఆయన గుమ్మంలో నిలబడి ఫోన్ చూస్తుంటే నాకు చుక్క రాదు. మూడు గ్లాసుల నీళ్లు తాగా, కుళాయి తిప్పి ఆ చప్పుడు విన్నా, ముప్పావు గంట. మధ్యలో "సార్‌కి సిగ్గెక్కువలే" అని బయటికి వినపడేలా అన్నాడు. ఇరవై ఏళ్లు ఆఫీసులో సంతకం పెట్టి పనులు చేయించినోణ్ణి, కప్పు పట్టుకుని నిలబడ్డా.

బయట బెంచీ మీద ఒక కుర్రాడు జరిగి చోటిచ్చాడు. "ఏం వాడతావ్ అన్నా?" అన్నాడు. డాక్టర్ రాసిన టాబ్లెట్లే అన్నా, కొంచెం గొప్పగానే. నవ్వాడు. "మాది సందులో దొరుకుద్ది, మీది బిల్లుతో వస్తది. అంతేగా?"

వాడు హెరాయిన్ మీద నేను మింగే టాబ్లెట్టే వేసుకునేవాడట. రెండూ కలిస్తే ఊపిరి మందగించి ఆగిపోవచ్చు కూడా, హెరాయిన్‌కి విరుగుడు మందు నాలోక్సోన్ ఇస్తే హెరాయిన్ దెబ్బ తగ్గుతుంది గానీ టాబ్లెట్ దెబ్బ తగ్గదు. వాడి ఫ్రెండు అలాగే పోయాడు. 2022లో ప్రపంచంలో 29 కోట్ల మందికి పైగా డ్రగ్స్ వాడారని ఐక్యరాజ్య సమితి లెక్క, డాక్టర్ చీటీతో మింగిన నాలాంటోళ్లు అందులోకి రారు.

తర్వాతంతా ఓపికే. ఆల్ప్రజోలమ్ ఒంట్లోంచి తొందరగా దిగిపోతుంది, అందుకే నెమ్మదిగా దిగే డయాజెపామ్ 20కి మార్చి, సెంటర్ డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చా. చివరి 2 మిల్లీగ్రాములు చుక్కలు చూపించాయి. బ్లేడుతో నాలుగు ముక్కలు చేస్తే ఒకటి పొడైపోయేది, ఆ పొడి వేలికద్దుకుని నాకా, ఏం దాచుకోను.

నిన్న రివ్యూకి వెళ్తే అదే బెంచీ, అదే కుర్రాడు.

"నిద్ర పడుతుందా అన్నా?"

"నాలుగు గంటలు."

"నాకు మూడే" అని మళ్లీ జరిగాడు.