సున్నం కరగాలంటే ఆవిరి బయటికి పోకూడదు

తడిసున్నాన్ని (కాల్షియం హైడ్రాక్సైడ్) మూత లేని మూసలో పెట్టి ఎంత కాల్చినా కరిగి ద్రవమవదు. 510 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల నీరు ఆవిరైపోయి పొడిసున్నం (కాల్షియం ఆక్సైడ్) మిగులుతుంది. దాన్ని కరిగించాలంటే 2600 డిగ్రీలు కావాలి. చాలా పట్టికల్లో తడిసున్నం ద్రవీభవన స్థానం 580 డిగ్రీలని రాసి ఉంటుంది. నమ్మకండి, అక్కడ జరిగేది కరగడం కాదు, నీటిని వదిలి విడిపోవడం.

అదే తడిసున్నానికి కాస్త నీరు చేర్చి, సీలు వేసి, 1000 బార్ల ఒత్తిడిలో (ఒక బార్ అంటే దాదాపు మామూలు గాలి ఒత్తిడి) ఉంచితే దాదాపు 835 డిగ్రీల దగ్గర నిజంగానే కరుగుతుంది. సుమారు నాలుగు కిలోమీటర్ల రాయి కింద ఉండే ఒత్తిడి అది.

కిటుకంతా చోటులో ఉంది. 74 గ్రాముల తడిసున్నం 33 మిల్లీలీటర్లు ఆక్రమిస్తుంది. విడిపోతే 17 మిల్లీలీటర్ల పొడిసున్నం, 18 గ్రాముల ఆవిరి. 510 డిగ్రీల్లో, మామూలు గాలి ఒత్తిడిలో ఆ ఆవిరికి 64 లీటర్లు కావాలి. 1000 బార్లలోనైతే 35 మిల్లీలీటర్లకు కుదించుకుపోతుంది. ఆవిరికి చోటు చిక్కక విడిపోవడం కష్టమైనకొద్దీ విడిపోయే ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది, చివరికి దానికంటే ముందే కరిగే ఉష్ణోగ్రత వచ్చేస్తుంది.

అలాగని ఒత్తిడి ఎప్పుడూ హైడ్రాక్సైడ్‌ను కాపాడుతుందనుకోవద్దు. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఖనిజమైన బ్రూసైట్ చూడండి. మోలుకు 24.6 మిల్లీలీటర్లు, అందులో ఆక్సైడ్ వాటా 11.3. నీరు మిగతా 13.3లో ఇమిడేంత చిక్కబడితే, అంటే దాని సాంద్రత మిల్లీలీటరుకు 1.35 గ్రాములు దాటితే, లెక్క తిరగబడుతుంది. అక్కడి నుంచి ఒత్తిడి పెంచినకొద్దీ బ్రూసైట్ తక్కువ వేడికే విడిపోతుంది.

ప్రయోగంలో ఎక్కువమందిని ముంచేది కార్బన్ డయాక్సైడ్. తడిసున్నం గాలిలోంచి దాన్ని పీల్చి కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్) అవుతుంది. ఒంటరి కాల్సైట్ 1000 బార్లలో కరగడానికి 1300 డిగ్రీలు దాటాలి. తడిసున్నంతో కలిస్తే మాత్రం 650 డిగ్రీల దరిదాపుల్లోనే ద్రవం మొదలవుతుంది. విల్లీ, టటిల్ అనే శాస్త్రవేత్తలు 1960లో కార్బొనటైట్ శిలల (ఎక్కువగా కార్బొనేట్ ఖనిజాలతో ఏర్పడిన అగ్నిశిలలు) పుట్టుకకు చెప్పిన వివరణకు ఇదే ఆధారం. మీ నమూనాలో 700 డిగ్రీలకే ద్రవం కనిపిస్తే సంబరపడకండి, తడిసున్నం సీసా పాతదై అందులో కాల్సైట్ చేరిందేమో చూడండి. తాజా తడిసున్నం కావాలంటే శుద్ధమైన కాల్షియం కార్బొనేట్‌ను 1000 డిగ్రీల్లో బరువు తగ్గడం ఆగేదాకా కాల్చి, మరిగించి చల్లార్చిన నీటితో, గాలి తగలకుండా నైట్రోజన్ వాయువులో తడపండి.

నమూనాను పెట్టి సీలు వేసే గొట్టం బంగారానిదైతే మేలు. వెల్డింగ్ చేశాక తూచి, 110 డిగ్రీల ఓవెన్‌లో గంట ఉంచి, మళ్లీ తూచండి. బరువు తగ్గితే లీకున్నట్టే, పారేయండి. ప్రయోగం తర్వాతా తూచాలి.

ఇక చల్లార్చడం. ఈ ద్రవం గాజుగా గడ్డకట్టదు, మళ్లీ తడిసున్నం స్ఫటికాలే అవుతుంది. సూక్ష్మదర్శినిలో ఈకల్లాంటి సన్నని స్ఫటికాలుంటే చల్లారేటప్పుడు పుట్టినవి. గుండ్రంగా, బొద్దుగా ఉన్నవి వేడిలోనే ఉన్నవి. పొడిసున్నం మరీ మొండిది, చల్లారేలోపే పక్కనున్న నీటిని తాగి తడిసున్నమైపోతుంది. అందుకే ఒకే ఉష్ణోగ్రత, ఒత్తిడిని రెండువైపుల నుంచీ పరీక్షించాలి: ఒక గొట్టంలో తడిసున్నంతో, ఇంకో గొట్టంలో పొడిసున్నం, నీటితో మొదలుపెట్టి.