టెన్నెస్సీ లీడ్‌ని పెంచిందెవరు?

నిన్న రాత్రి మా పక్కింటి పెద్దాయనతో కలిసి అమెరికాలోని కెంటకీ అడవిలోకి వెళ్లాను. ఆయన దగ్గర ట్రీయింగ్ వాకర్ కూన్‌హౌండ్ అనే జాతి వేటకుక్క ఉంది. రకూన్ అనే చెట్లెక్కే చిన్న అడవి జంతువు వాసన పట్టి పరిగెత్తేటప్పుడు సాగదీసి అరుస్తుంది. దాన్ని చెట్టెక్కించాక గొంతు మార్చి, ఆపకుండా గబగబా మొరుగుతుంది. ఆ చీకట్లో మాకు దారి చూపింది ఆ గొంతే.

తిరిగొస్తూ ఆయన ఈ జాతి కథ చెప్పారు. 1852లో టెన్నెస్సీలో జింకను తరుముతున్న ఒక కుక్కను ఎవరో ఎత్తుకొచ్చారట. అది కెంటకీలోని జార్జ్ వాషింగ్టన్ మౌపిన్ చేతికి చేరింది. అదే టెన్నెస్సీ లీడ్. మౌపిన్, వాకర్ కుటుంబం తమ వేటకుక్కలతో దాన్ని జతకట్టించారు. జాతికి వాకర్ పేరు నిలిచింది. 1945లో కుక్కల జాతుల్ని నమోదు చేసే యునైటెడ్ కెన్నెల్ క్లబ్ దీన్ని ఇంగ్లీష్ కూన్‌హౌండ్ అనే జాతి నుంచి వేరు చేసి నమోదు చేసింది.

నాకు మాత్రం టెన్నెస్సీలో ఆ కుక్కను పెంచిన ఇల్లే మనసులో మెదులుతోంది. ఆ కుక్క తల్లి ఎవరింట్లో ఈనింది? పిల్లల్లో దీన్నే ఉంచుకుందామని ఎవరనుకున్నారు? అది ఇంటికి రాని రాత్రి ఎంతసేపు పిలిచి ఉంటారో! చరిత్రలో వాళ్ల పేరు లేదు. దొంగిలించినవాళ్ల గురించైనా ఒక మాట ఉంది.

పెద్దాయన వాళ్లమ్మగారు చలికాలంలో కుక్కపిల్లల్ని పొయ్యి పక్కన పెట్టెలో పెట్టి, రాత్రుళ్లు లేచి పాలు పట్టేవారట. ఆ కుక్కల నమోదు కాగితాల మీదేమో వాళ్ల నాన్నగారి పేరే. ఆవిడ పేరేమిటని అడిగాను. చెప్పి, చాలాసేపు మాట్లాడలేదు.