ఈ అంకె ఎక్కడిది?

"ఈ 138.5 ఎక్కడిది?"

నేను సెట్టింగుల ఫైల్లో చేసిన మార్పు మీద, టీమ్ అందరికీ కనబడే రివ్యూలో మా సీనియర్ రాసింది ఇంతే. ముందు ఒక థాంక్స్ లేదు, వెనక ఒక మంచి మాట లేదు. ముందురోజు రాత్రి కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ పాడైతే, షిఫ్టులో ఉన్నవాళ్లు ఫోన్ చేస్తే, పడుకున్నవాణ్ని లేచి వెళ్లి సరిచేసి వచ్చాను. పొద్దున్న లాగిన్ అవగానే ఈ ప్రశ్న. ఈ దేశం వచ్చి ఇన్నేళ్లయినా ఇలాంటి పొడి మాట చూస్తే ఛాతీలో ఏదో బిగుసుకుంటుంది. పని సరిగ్గా చేశానని నాకు తెలుసు, అంకె కరెక్టేనని ఆవిడకీ తెలుసు. మరి అడగడం దేనికి?

జరిగింది చెప్తాను. మా దగ్గర యూనిక్స్ వర్క్‌స్టేషన్లు ఒక గదిలో ఉంటాయి, వాటిని వాడే మనుషులు ఇంకో గదిలో, మధ్యలో కేవీఎం స్విచ్. ఒకే మానిటర్‌ని, ఒకే కీబోర్డుని ఆ స్విచ్ ఈ మెషీన్ నుంచి ఆ మెషీన్‌కి మారుస్తూ ఉంటుంది. ఎక్స్ సర్వర్ (స్క్రీన్ మీద బొమ్మ గీసే ప్రోగ్రామ్) లేచినప్పుడు మానిటర్‌ని నీ సంగతేమిటి అని అడుగుతుంది, మానిటర్ ఈడీఐడీ అనే చిన్న పట్టీ పంపిస్తుంది. కనీసం 128 బైట్లు, ఎవరు తయారు చేశారు, ఎన్ని సెంటీమీటర్ల వెడల్పు, ఏ రిజల్యూషన్ తనకి బాగా నప్పుతుంది, అన్నీ అందులో ఉంటాయి. 1994 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. ఆ రాత్రి మెషీన్ రీబూట్ అయ్యే సమయానికి స్విచ్ పక్క మెషీన్ వైపు తిరిగి ఉంది. అడిగిన ప్రశ్నకి జవాబు రాలేదు. జవాబు రాకపోతే సర్వర్ భద్రంగా ఉండే చిన్న మోడ్ పట్టుకుని కూర్చుంటుంది, మాకు 1024x768 వచ్చింది. గ్రాఫులన్నీ 1920x1080కి అమర్చినవి కాబట్టి అలారమ్ విండో కింది భాగం స్క్రీన్ బయటికి పోయింది. అలారమ్ చూశాను అని నొక్కాల్సిన బటన్ సరిగ్గా అక్కడే ఉంది. మోగుతున్నది ఆపడానికి వీల్లేక, పాపం ఆ షిఫ్టు కుర్రాడు కీబోర్డు మీద ట్యాబ్ నొక్కుతూ కనబడని బటన్ కోసం వెతుకుతున్నాడు.

ఇలాంటప్పుడు మానిటర్ జవాబు కోసం చూడకుండా కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైల్లో మనమే మోడ్‌లైన్, అంటే స్క్రీన్ ఏ కొలతల్లో ఏ వేగంతో గీయాలో చెప్పే లైను, రాసిపెట్టడం మామూలే. సీవీటీ అనే కమాండ్‌కి 1920, 1080, 60 ఇస్తే 173 మెగాహెర్ట్జ్ పిక్సెల్ క్లాక్‌తో, అంటే సెకనుకి 17.3 కోట్ల పిక్సెళ్లు పంపే వేగంతో, ఒక లైను ఇస్తుంది. నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు ఆ లైనే కాపీ చేసుకోమంటాయి. మా కేవీఎం కేబుల్ సింగిల్ లింక్ డీవీఐ. దాని పరిమితి 165 మెగాహెర్ట్జ్. 173 పెడితే అందులోంచి పోదు. అదే కమాండ్‌కి రిడ్యూస్డ్ బ్లాంకింగ్ ఆప్షన్ చేరిస్తే 138.5 వస్తుంది. పాత గాజు గొట్టం మానిటర్లలో ఎలక్ట్రాన్ కిరణం ఒక లైను చివరికి వెళ్లి మళ్లీ మొదటికి రావడానికి టైమ్ కావాలి, అందుకని ప్రతి లైను చివర ఖాళీ వదిలేవారు. ఫ్లాట్ ప్యానెల్‌కి వెనక్కి రావాల్సిన కిరణమే లేదు. కాబట్టి లైను పొడవు 2576 నుంచి 2080కి తగ్గించుకోవచ్చు, క్లాక్ కూడా దాంతోపాటు దిగుతుంది, కేబుల్లో పడుతుంది. ఇదీ 138.5 కథ. అర్ధరాత్రి నిద్రమత్తులో కూడా ఇది నా వేళ్ల చివర ఉంది.

ఎందుకు ఉందో చెప్పాలంటే మొదటి ఉద్యోగం దాకా వెళ్లాలి. అక్కడ మాకు పుస్తకాలు లేవు, వికీ లేదు, ఒక అన్న ఉండేవాడు. సార్ అని పిలిస్తే ఒప్పుకునేవాడు కాదు. స్క్రీన్ రాలేదు అన్నా అంటే తన పని ఆపి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవాడు. కీబోర్డు తను తీసుకునేవాడు కాదు, అది ముఖ్యం. 1024x768, 60 హెర్ట్జ్ లైను రాయించాడు: 65 మెగాహెర్ట్జ్, ఒక లైను మొత్తం 1344 పిక్సెళ్లు, ఫ్రేము మొత్తం 806 లైన్లు. ఇప్పుడు భాగించు అన్నాడు. 65 మిలియన్లని 1344తో భాగిస్తే సెకనుకి 48 వేల మూడొందల పైచిలుకు లైన్లు, అంటే 48.4 కిలోహెర్ట్జ్. దాన్ని 806తో భాగిస్తే 60. "మానిటర్ వెనక రాసిన హారిజాంటల్ రేంజ్‌లో ఈ 48.4 పడుతుందా లేదా చూడు. పడకపోతే రాయకు, పాత మానిటర్ అయితే కాలిపోతుంది." తర్వాత నేను మానిటర్ వెనక్కి వంగి, దుమ్ము తుడిచి, ఆ స్టిక్కర్ చదివాను. ఆ రెండు భాగహారాలు ఇప్పటికీ మర్చిపోలేదు. ఎక్స్ సర్వర్‌లోనే పాతదైన ఎక్స్‌ఫ్రీ86 పోయి ఎక్స్‌ఆర్గ్ వచ్చింది, గాజు గొట్టాలు పోయి ప్యానెళ్లు వచ్చాయి, భాగహారం మాత్రం మారలేదు.

అందుకే ఆవిడ ప్రశ్న చూసి అంత గుచ్చుకుంది. నాకు నేర్పిన మనిషి ఒక్క అంకె కూడా గుడ్డిగా రాయనిచ్చేవాడు కాదు. అలాంటివాడి దగ్గర తయారైన నన్ను ఎక్కడిది అని అడగడం, ఏదో ఎక్కణ్నుంచో ఎత్తుకొచ్చినట్టు. మనవాళ్లు రాసిపెట్టరు, అంతా నోటి మాటే అని ఇక్కడ ఒకటి రెండుసార్లు విన్నాను. అనేవాళ్లకి చెడ్డ ఉద్దేశం లేదు, కానీ వింటున్నప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. రాసిపెట్టకపోవడం అంటే తెలియకపోవడం కాదు కదా. మన దగ్గర ఒక విషయం మనిషి నుంచి మనిషికి వెళ్తుంది, వెళ్లేటప్పుడు దాంతోపాటు ఎందుకు అనేది కూడా వెళ్తుంది. ఇక్కడ నేను ఇన్నేళ్లలో చూసింది ఏమిటంటే, డాక్యుమెంట్ ఉంటుంది, లింక్ పంపిస్తారు, చదువుకోమంటారు. కుర్చీ మాత్రం ఎవరూ లాక్కుని రారు. అడిగితే కాదనరు, క్యాలెండర్‌లో అరగంట పెడతారు, ఆ అరగంట అవగానే లేచిపోతారు. పని నేర్చుకోవాలంటే అవతలి మనిషి కాస్త టైమ్ మర్చిపోవాలి, అది ఇక్కడ దొరకదు, దొరక్కపోవడం వల్ల కొత్తగా వచ్చేవాళ్లు ఎంత ఒంటరిగా ఫైళ్ల ముందు కూర్చుంటారో నాకు తెలుసు, మొదటి ఏడాది నేనూ అలాగే కూర్చున్నాను.

రివ్యూలో జవాబు రాయకుండా నేరుగా ఆవిడ డెస్క్ దగ్గరికే వెళ్లాను. (వయసులో నాకంటే చాలా పెద్దావిడ, ఇక్కడ అందరూ పేరు పెట్టే పిలుస్తారు, నాకు నోరు రాక ఏమీ పిలవకుండానే మాట్లాడతాను.) కేబుల్ సంగతి, 165 పరిమితి, బ్లాంకింగ్ సంగతి అన్నీ చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, అంతా సరిగ్గా ఉంది అంది. అని, ఆ మెషీన్‌లోని ఎక్స్ సర్వర్ లాగ్ తెరిచింది.

ఆ లాగ్ నేను వందలసార్లు చదివి ఉంటాను. ప్రతి లైను మొదట్లో బ్రాకెట్‌లో ఒక గుర్తు ఉంటుంది. రెండు ఈలు ఉంటే తప్పు, రెండు డబ్ల్యూలు ఉంటే హెచ్చరిక, వీటినే మనం వెతుక్కుంటాం, మిగతావి దాటేస్తాం. ఆవిడ వేలు పెట్టి చూపించింది మిగతావాటిని. రెండు చిన్న గీతలుంటే అది హార్డ్‌వేర్‌ని అడిగి తెలుసుకున్న విలువ. రెండు నక్షత్రాలుంటే కాన్ఫిగ్ ఫైల్లోంచి వచ్చింది. రెండు సమాన గుర్తులుంటే ఎవరూ చెప్పకపోతే తీసుకున్న డిఫాల్ట్. రెండు ప్లస్‌లుంటే కమాండ్ లైన్‌లో ఇచ్చింది. అంటే సర్వర్ తను వాడే విలువల పక్కన అది ఎక్కణ్నుంచి వచ్చిందో తనే రాసుకుంటుంది. "ఇది నక్షత్రాల దగ్గర ఆగిపోతుంది, కాన్ఫిగ్‌లోంచి వచ్చింది అని మాత్రమే చెప్పగలదు. కాన్ఫిగ్‌లోకి ఎక్కణ్నుంచి వచ్చిందో అక్కణ్నుంచి మనం చెప్పాలి. నువ్వు సెలవులో ఉన్న రోజు ఎవరైనా ఆ కేబుల్ మారిస్తే, ఈ అంకె తియ్యొచ్చా వద్దా అని వాళ్లు ఎవరిని అడగాలి?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. మన పద్ధతిలో జవాబు నన్ను అడగాలి అనే. కానీ సెలవు పెట్టి అంత దూరం వెళ్లినవాడికి, ఫ్లైట్‌లో ఉన్నవాడికి, ఎలా ఫోన్ చేస్తారు? ప్రవాసంలో ఉన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు ఉన్నట్టుండి బ్యాగు సర్దుకుని వెళ్లిపోవాల్సి వస్తుంది, ఆ ఫోన్ ఏ రాత్రి వస్తుందో అని అందరం లోపల భయపడుతూనే ఉంటాం. అది ఆవిడకి తెలియదు, కానీ ఆవిడ ప్రశ్న తిన్నగా అక్కడికే వెళ్లింది.

ఆ సాయంత్రం రిపాజిటరీలో ఆ ఫైలు పాత చరిత్రంతా తెరిచి కూర్చున్నాను. 2004లో ఎవరో హాష్ గుర్తు (#) పెట్టి, మెషీన్ పట్టించుకోని కామెంట్‌గా రాశారు: ఎక్స్‌ఫ్రీ86 4.4 లైసెన్సు మారింది, మన డిస్ట్రిబ్యూషన్ అది తీసుకోవడం లేదు, అందుకని ఎక్స్‌ఆర్గ్‌కి మారుతున్నాం, ఫైలు పేరు మారింది, లోపలి సెక్షన్లు అవే. అంతకంటే కింద, ఇంకా పాతది, ఒక గాజు గొట్టం మానిటర్ గురించి: మాన్యువల్ 70 కిలోహెర్ట్జ్ వరకు అంటుంది, 64 దాటితే ఈ ఒక్క మానిటర్ సన్నగా ఈల వేస్తోంది, కిటికీ పక్కన కూర్చునే మనిషికి తలనొప్పి వస్తోంది, అందుకని 64 దగ్గర ఆపాను. ఆ మానిటర్ ఎప్పుడో చెత్తలోకి పోయి ఉంటుంది. రాసినవాళ్లు ఇప్పుడు ఇక్కడ లేరు, పేరు బదులు రెండు పొడి అక్షరాలే ఉన్నాయి. కానీ అది చదివినప్పుడు ఆ మనిషి మీద నాకు ఎంత ఇష్టం కలిగిందో చెప్పలేను. తలనొప్పి ఎవరిదో, అందుకోసం ఎవరు మానిటర్ దగ్గర నిలబడి చెవి పెట్టి విన్నారో. మా అన్న పక్కన కూర్చుని చెప్పినదానికి ఇది తక్కువ కాదు. ఇక్కడివాళ్లకి ఆప్యాయత లేదని నేను అనుకునే రోజుల్లో ఈ ఫైలు ఎందుకు తెరవలేదా అనిపించింది.

138.5 పైన నాలుగు లైన్ల కామెంట్ రాశాను. కేబుల్ రకం, 165 పరిమితి, కేబుల్ మారిస్తే దీన్ని తీసేసి మానిటర్‌నే అడగనివ్వొచ్చు అని కూడా. ఆవిడ ఓకే నొక్కింది, ఈసారి కింద థాంక్స్ కూడా ఉంది.

అయినా నా మాట మీద నేను ఉన్నాను. ఆ కామెంట్ చదివినవాడికి ఈ అంకె ఎందుకు ఉందో తెలుస్తుంది, రేపు ఇంకో మానిటర్ వస్తే ఆ అంకె ఎలా కట్టాలో తెలియదు. మా టీమ్‌లో కొత్తగా వచ్చిన అబ్బాయిని, అతనూ ఇంకో దేశం నుంచి వచ్చినవాడే, పిక్సెల్ క్లాక్‌ని లైను పొడవుతో భాగిస్తే ఏమొస్తుందని అడిగితే బిత్తరపోయాడు. మోడ్‌లైన్లు డజను చూశాడట, కాపీ కూడా చేశాడట. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. 138.5ని 2080తో, వచ్చినదాన్ని 1111తో భాగించమన్నాను. 59.93 వచ్చింది. 60 ఎందుకు రాలేదు అని అతనే అడిగాడు. ఆ ప్రశ్న ఏ డాక్యుమెంటూ వాడి చేత అడిగించేది కాదు. ఆ సీవీటీ ఫార్ములా క్లాక్‌ని పావు మెగాహెర్ట్జ్ మెట్లకి కిందికి సవరిస్తుంది, అందుకని కొంచెం తగ్గుతుంది అని చెప్పాను, ఇంకా చాలాసేపు కూర్చున్నాం.

ఇప్పుడు అసలు తగాదా ముందుంది. కొత్త మెషీన్లు ఎక్స్ సర్వర్ బదులు వేలాండ్‌తో వస్తున్నాయి. అక్కడ ఎక్స్‌ఆర్గ్ కాన్ఫిగ్ ఫైలు చదివే నాథుడే ఉండడు, ఈ మోడ్‌లైన్, దాని పైన కామెంట్, ఏవీ పనికిరావు. కేవీఎం మాత్రం అదే, జవాబు చెప్పని స్విచ్ అదే. మానిటర్ ఈడీఐడీని ముందే ఒక ఫైలుగా తీసిపెట్టుకుని, బూట్ అయ్యేటప్పుడు లైనక్స్ కెర్నల్‌కే, అంటే సిస్టమ్ మూల ప్రోగ్రామ్‌కే, అందించాలి. ఆ ఫైలు బైనరీ. హాష్ గుర్తు పెట్టి కారణం రాసుకునే చోటు అందులో లేదు, మానిటర్ పేరు పెట్టే దగ్గర 13 అక్షరాలు పడతాయి, అంతే. ఈ మాట మీటింగ్‌లో నేనే లేవనెత్తాను. పక్కన ఒక టెక్స్ట్ ఫైలు పెట్టి అందులో రాద్దాం అంది ఆవిడ. తప్పకుండా పెడదాం అన్నాను, దాంతోపాటు వారానికి ఒక మధ్యాహ్నం, టైమ్ చూసుకోకుండా, కొత్తవాళ్ల పక్కన పాతవాళ్లు కూర్చోవాలి అని కూడా అడిగాను. క్యాలెండర్‌లో ఎన్ని గంటలు వెయ్యమంటావు అంది. చివరి టైమ్ ఖాళీగా వదిలెయ్యమన్నాను. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవట్లేదు అంటోంది, ఇంకా తేలలేదు.