ఫ్యాన్ ఆపకుండా అమ్మ కబుర్లు రికార్డ్ చేయాలని

అమ్మ చెప్పే పాత కబుర్లు రికార్డ్ చేద్దామంటే మొదటి అడ్డు సీలింగ్ ఫ్యానే. వైజాగ్ ఉక్కపోతలో ఫ్యాన్ ఆపి కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? పైగా మాది గోపాలపట్నం, గూడ్సు బండి వెళ్లినప్పుడల్లా గుయ్‌మని ఒకటే మోత.

అందుకే రెండు మైకుల పద్ధతి పట్టుకున్నాను. ఒకే మోడల్ డైనమిక్ మైకులు పక్కపక్కన పెట్టి, ఒకదాని పోలారిటీ (సిగ్నల్‌లో ప్లస్, మైనస్) తిప్పి, రెండూ కలిపేయడం. దూరం నుంచి వచ్చే మోత రెండిట్లోనూ ఒకేలా పడి కొట్టుకుపోతుంది, మాట మాత్రం నోటి దగ్గరున్న మైకులో గట్టిగా పడుతుంది కాబట్టి మిగులుతుంది. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా బ్యాండ్ స్పీకర్లన్నీ తమ వెనకే గోడలా పేర్చుకుని, అవి కుయ్‌మనకుండా గాయకుల మైకులకి చేసింది ఇదే.

మైకు కేబుల్‌కి ఉండే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గులో పిన్ 1 గ్రౌండ్, 2 హాట్ (సిగ్నల్ ప్లస్), 3 కోల్డ్ (మైనస్). ఒక కేబుల్‌లో 2, 3 వైర్లు తారుమారు చేసి టంకం పెట్టాను. కలిపి వింటే మోత తగ్గకపోగా పెరిగింది! సాయంత్రమంతా మిక్సర్ని తిట్టుకుని, చివరికి ప్లగ్గులు విప్పి చూస్తే ఉత్సాహంలో రెండు చివర్లా మార్చేశాను, అంటే మళ్లీ మొదటికే. ఒక చివర సరిచేసి, ఆ కేబుల్‌కి ఎర్ర టేపు చుట్టాను.

గెయిన్, అంటే మిక్సర్ ఒక్కో మైకు సిగ్నల్ని ఎంత పెంచుతుందో, అది కూడా రెండిటికీ సరిగ్గా కలవాలి. ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుండగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మోత బాగా సన్నబడే చోట రెండో నాబ్ ఆపాలి. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా 19 డెసిబెల్స్ మించి తగ్గదు.

మొదట మైకులు ఒకదానిపై ఒకటి పెట్టాను. ఫ్యాన్ సరిగ్గా నెత్తి మీదుంది కాబట్టి కింది మైకుకి శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతోంది. అడ్డంగా 7 సెంటీమీటర్ల ఎడంతో పెట్టాక రెండూ ఫ్యాన్‌కి సమాన దూరంలోకి వచ్చాయి, తేడా వెంటనే తెలిసింది. పక్క నుంచి వచ్చే కుక్కర్ విజిల్ మాత్రం పోలేదు. 3 కిలోహెర్ట్జ్‌కి అల పొడవు 11 సెంటీమీటర్లే, 7 సెంటీమీటర్లు దాటి రెండో మైకుకి చేరేసరికి అల ఎదురు తిరిగిపోతుంది, కొట్టుకుపోవాల్సింది కాస్తా కలిసిపోతుంది. అదే గూడ్సు మోతలాంటి 100 హెర్ట్జ్‌కి మూడు మీటర్లు దాటుతుంది కాబట్టి ఏ వైపు నుంచి వచ్చినా చాలావరకు పోతోంది.

ఫ్యాన్ గాలి నేరుగా మైకుకి తగిలితే ఇదంతా దండగ, ఎందుకంటే గాలి గుడగుడ ఒక్కో మైకులో ఒక్కోలా ఉంటుంది. రెండిటికీ స్పాంజి తొడుగులు వేశాను.

ఇప్పుడు మిగిలిన చిక్కు అమ్మే. నోరు మైకుకి 3 సెంటీమీటర్లలో ఉండాలి, కాస్త జరిగితే గొంతు కూడా ఫ్యాన్‌తో పాటే పల్చబడిపోతోంది. "ఏట్రా, మైకుని ముద్దెట్టుకుని మాట్లాడమంటావా?" అని నవ్వుతూ తల తిప్పేస్తుంది. వచ్చే ఆదివారం మైకుల్ని స్టాండు తీసేసి ఆమె చేతికే ఇచ్చి చూస్తాను.