మబ్బు పట్టినప్పుడల్లా కోడి రంగు మారింది

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి లింగంపల్లిలో దిగితే, జూబ్లీహిల్స్‌కి ఆటో 350కి తక్కువ రానన్నాడు. రాజమండ్రిలో ఆ డబ్బుకి ధవళేశ్వరం వెళ్లి రావచ్చు. ఆ చిరాకంతా గ్యాలరీలో స్టాప్ మోషన్ బల్ల ముందు కూర్చునేదాకే. బొమ్మని కొంచెం కొంచెం జరుపుతూ ఫొటోలు తీసి, వరసగా చూపిస్తే అది కదిలినట్టు కనబడుతుంది, అదే స్టాప్ మోషన్.

వచ్చినవాళ్ల చేతే సినిమా తీయించే ప్రదర్శన అది. ఫ్రెంచ్ దర్శకుడు మిషెల్ గోండ్రీ 2008లో న్యూయార్క్‌లో, 2011లో పారిస్‌లో ఇలాగే సెట్లు వేసిపెట్టాడు. కథ అనుకోవడం నుంచి తీసింది చూసుకోవడం దాకా 3 గంటలే. ఎడిటింగ్ ఉండదు, ఏ వరుసలో తీస్తే అదే సినిమా. ఇక్కడ కూడా ఒక గదిలో ఇరానీ హోటల్ సెట్ ఉంది, బాగుంది. కానీ అసలు పని బల్ల దగ్గరే.

సెకనుకు 12 ఫొటోలు. 5 సెకన్లు కోడి నడవాలంటే 60. మట్టికోడిని ఒక్కో ఫొటోకి 5 మిల్లీమీటర్లు జరపాలి. బయల్దేరేటప్పుడు, ఆగేటప్పుడు 1, 2 మిల్లీమీటర్లు చాలు. అంగుళం చొప్పున జరిపితే కోడి నడవదు, గెంతుతుంది. లైట్ల వేడికి మట్టి మెత్తబడి కాళ్లు వంగిపోతాయి కాబట్టి లోపల అల్యూమినియం తీగ పెట్టాలి. గట్టి స్టీలు తీగ వంచినచోట నిలవదు, వెనక్కి లాగుతుంది. ఫొటో తీయడానికి స్క్రీన్ మీద వేలు పెడితే ఫోన్ కదులుతుంది. వైరున్న ఇయర్‌ఫోన్ వాల్యూమ్ బటన్ నొక్కితే ఆ బాధ లేదు.

"అంకుల్, మా కోడి ఎందుకు మినుకుమినుకుమంటోంది?" అంది పక్కనున్న పాప. బల్ల కిటికీ పక్కనే వేశారు, బయట జూలై మబ్బులు. ఫోన్ కెమెరా ఆటోమేటిక్ మోడ్‌లో ఉంది, ప్రతి ఫొటోకీ వెలుగునీ రంగునీ మళ్లీ లెక్కేసుకుంటోంది. తెల్ల చొక్కా వేసుకుని బల్ల మీదికి వంగినా అంతే, ఆ తెలుపు మట్టి మీద పడుతుంది. మాన్యువల్ మోడ్‌లో ఎక్స్‌పోజర్ (వెలుగు), వైట్ బ్యాలెన్స్ (రంగు) రెండూ లాక్ చేశాం. షట్టర్ తెరుచుకుని ఉండే సమయం 1/50 సెకను పెట్టాం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బు మినుకు అందులో కనబడదు. అయినా కోడి నల్లబడుతూనే ఉంది. కెమెరా మారకపోయినా ఎండ మారుతోంది మరి! కిటికీ పక్కన బల్ల వేయడం పెద్ద పొరపాటు. ఇలాంటి ప్రదర్శన పెట్టేవాళ్లు అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది అదే.

నల్ల చార్ట్ కాగితాలు నాలుగు తెచ్చి అద్దానికి అంటించాం. సందుల్లోంచి గీతలా పడుతున్న వెలుగుని టేపుతో మూసి, మొదటి ఫొటో నుంచి మళ్లీ మొదలుపెట్టాం. గంటన్నర పట్టింది. ఈసారి 60 ఫొటోల్లోనూ కోడి ఒకే ఎరుపు.