గుంతకల్లు మేడమీద మీటర్ గేజి

ఆదివారం. పొద్దున్నే ఏడుగురం అనంతపురంలో ప్యాసింజరెక్కి గుంతకల్లులో దిగాం. రైలు మోడళ్ళ పిచ్చి ఉన్న మా గుంపుకు ఆ పెద్దాయన ఇల్లు చూడాలని రెండేళ్ళుగా కోరిక. ఆయన రిటైరైన లోకో పైలట్. ఉగ్గాని, బజ్జీ తినేసి మేడ మెట్లెక్కాం.

ఆయన తలుపు తీసి లైటు వేశారు. ఇరవై అడుగుల గది నిండా 1978 నాటి గుంతకల్లు యార్డు మోడల్. స్కేలు హెచ్.ఓ., అంటే అసలులో 87వ వంతు. మద్రాసు ఐ.సి.ఎఫ్. కార్ఖానాలో తయారైన 21.3 మీటర్ల రైలుపెట్టె ఇక్కడ 24.5 సెంటీమీటర్లు. 18 పెట్టెల మెయిలు నిలబెడితే ఇంజనుతో కలిపి నాలుగున్నర మీటర్లు దాటిపోతుంది, ఇక మలుపులకు చోటెక్కడ? అందుకే తొమ్మిదితో సరిపెట్టారు. పట్టాల కింది కంకర, కడప బండ కోసేచోట రాలిన పొడి. టీ జల్లెడతో జల్లించారట.

నన్ను కట్టిపడేసింది మాత్రం రెండు గేజీలు పక్కపక్కన ఉండటం. గేజి అంటే రెండు పట్టాల మధ్య దూరం. బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు, మీటర్ గేజి 1000. లెక్క ప్రకారం 19.3, 11.5 రావాలి. కొనడానికి దొరికే పట్టాలేమో 16.5, 12. పెద్ద లైను సన్నబడి, చిన్న లైను కాస్త వెడల్పయింది. "మొదట్లో కంట్లో నలుసులా ఉండేదప్పా, ఇప్పుడు అలవాటైపాయ" అన్నారు.

ఆ రెండు లైన్ల నడుమ సరుకు మార్పిడి షెడ్డు. బళ్ళారి, నంద్యాల వైపు నుంచి చిన్న వ్యాగన్లలో వచ్చిన సరుకు బొంబాయి లైనెక్కాలంటే మూటమూటా దించి పెద్ద వ్యాగన్లోకి ఎత్తాల్సిందే. 1980, 90ల్లో గేజి మార్చాక ఆ పనీ పోయింది, షెడ్డూ పోయింది. ఇక్కడ మాత్రం రెండు సెంటీమీటర్లు కూడా లేని హమాలీలు పన్నెండుమంది. ఎంసీల్‌తో చేసిన ఒక్కో మూట వేరుశనగ గింజంత. ఒకడు మూట భుజం మార్చుకుంటూ మెడ పక్కకు వంచి ఉన్నాడు. పెళ్ళికి ముందు మా నాన్న ఆ షెడ్డులోనే రెండేళ్ళు మూటలు మోశాడు. ఆ మెడ దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను.

నేను తీసుకెళ్ళిన మోడల్ రైలుపెట్టె పాయింట్ల మీద, అంటే ఒక లైను రెండుగా చీలేచోట, రెండుసార్లు పట్టా తప్పింది. పెద్దాయన దాన్ని తిరగేసి, చక్రాల మధ్య దూరం కొలవడానికి కాలిపర్ పెట్టి చూశారు. అర మిల్లీమీటరు దగ్గరగా ఉన్నాయి. ఇరుసు మీద మెల్లగా తిప్పుతూ లాగి సరిచేశారు. మూడోసారి చప్పుడు లేకుండా దాటింది. ఎంత సంతోషమేసిందో!

రాత్రి నాన్నకు అంతా చెప్పాను. విని, "నీళ్ళ తొట్టి పెట్టినాడా?" అన్నాడు.

"లేదు నాన్నా."

"బళ్ళారి దిక్కు కొసన సిమెంటు తొట్టి ఉండె. మూట దించినోడు దించినట్టే పోయి తల తడుపుకొని వస్తాంటిమి. అది లేకుంటే ఎట్లరా?"

పెద్దాయనకు ఆ మాట మెసేజ్ పెట్టాను. వెంటనే జవాబు: "తొట్టి ఎంత పొడవో కనుక్కో."

అప్పటికే నాన్న నిద్రపోయాడు. పొద్దున లేవగానే అడగాలి.