కర్నూలు పాతబస్తీలో ఉడిపి హోటల్‌ని వెతుక్కుంటూ ఒక పూట

మొన్న శనివారం కర్నూలు పోయొచ్చినా. పెద్ద పనేం లేదు, ఇంటి కాగితం ఒకదాని మీద చిన్నాయన సంతకం కావాల, పొద్దున పోయి సాయంత్రానికి హైదరాబాద్ వచ్చేద్దామని ఐదు గంటల బస్సెక్కినా. పుల్లూరు టోల్‌గేట్ కాడ మెలకువొచ్చింది, తుంగభద్ర బ్రిడ్జి మీద కిటికీలోంచి చూస్తే నదిలో నీళ్ళకంటే బండలే ఎక్కువున్నాయి.

చిన్నాయనకి డెబ్బై ఐదేండ్లు. సంతకం రెండు నిమిషాల్లో అయిపోయింది, పిన్నమ్మ ఉప్మా చేస్తానంటాంటే ఈయన చెప్పులేసుకొని "వద్దులే, వాన్ని బురుజు కాడికి తీస్కపోతా" అని బయల్దేరినాడు. కొండారెడ్డి బురుజు ఎదురుగా తోపుడుబండి కాడ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులు సరిగ్గా నానినాయి, పప్పులపొడి బాగా తగిలింది, బజ్జీ మాత్రం సల్లారింది. కాగితం ప్లేటు చేతిలో పట్టుకొని, బైకులోళ్ళు హారన్ కొడ్తాంటే అటూ ఇటూ జరుగుతా తింటాంటే చిన్నాయన అన్నాడు, "కూర్చొని తిన్న ఊరు రా ఇది, ఇప్పుడు చూడు గుర్రాల మాదిరి నిలబడి తింటాండాం."

ఆడ మొదలైంది కథ. ఈ బురుజు వెనక వీధిలో ఒక ఉడిపి హోటల్ ఉండెనంట, బోర్డు మీద అసలు పేరేముండెనో ఆయనకి గుర్తులేదు, ఊరంతా ఉడిపి హోటలనే అనేవాళ్ళంట. పాలరాతి బల్లలు, ఇత్తడి గ్లాసుల్లో కాఫీ, గల్లాపెట్టె పైన "రాజకీయాలు మాట్లాడరాదు" అని బోర్డు, ఆ బోర్డు కిందనే కూర్చొని పొద్దుగూకులూ రాజకీయాలే. పేపర్ ఒక్కటే వచ్చేది, దాన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగు బల్లలకి పంచుకునేవాళ్ళు, ఆటల పేజీ ఎవరి చేతికొస్తే వాళ్ళే ఆ పూట దొర. ఒక బై టూ కాఫీ చెప్పి గంట కూర్చున్నా ఎవరూ లెమ్మనేవాళ్ళు కాదంట. సరే చూపీ చిన్నాయనా అన్నా. అదే నేను చేసిన తప్పు.

ముందు మా జేజినాయన సంగతి చెప్పాల. ఆయన తమలపాకుల యాపారం, పొద్దున్నే హోటళ్ళకి, కిళ్ళీ కొట్లకి కట్టలేసేవాడు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయినప్పుడు ఆయన దశ తిరిగిందంట. మద్రాసు నుంచి గుమాస్తాలు దిగినారు, ఉండడానికి ఇండ్లు లేవు, గుడారాలేసినారు, ఇప్పటికీ ఊర్లో ఏ క్యాంప్, బి క్యాంప్, సి క్యాంప్ అనే పేర్లు అప్పటివే. మద్రాసులో ఫిల్టర్ కాఫీకి అలవాటుపడినోళ్ళు గుడారంలో ఎట్ల కాచుకుంటారు, అందరూ హోటళ్ళ మీద పడినారు. హైకోర్టు మాత్రం గుంటూరుకిచ్చినారు కాబట్టి వకీళ్ళ ఆకు వక్క అంతా గుంటూరోళ్ళకి పోయిందని మా జేజినాయన సచ్చేదాకా బాధపడేవాడు. మూడేండ్లు గడిచినాయి, 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాద్ పోయింది, గుమాస్తాలు పోయినారు. మనిషికి నెలరోజుల ఖాతా ఉండేది కదా, ఎంతమంది ఎగ్గొట్టి పోయినారో.

అప్పుడు ఊర్లో మద్యనిషేధం, మద్రాసు కాలంనుంచి ఉన్నదే. అంటే మగోళ్ళు నలుగురు కూడాలంటే కాఫీ హోటలో టీ అంగడో తప్ప ఇంకో దిక్కు లేదు (చాటుమాటు సంగతి వేరే). ఆ నిషేధం మీదనే ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం పడిపోయింది, 1954 నవంబర్‌లో, ఒక్క ఓటు తేడాతో, ఇదే ఊర్లో. నిషేధం ఎత్తెయ్యమని రామమూర్తి కమిటీ చెప్పింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు, గీత కార్మికుల తరఫున లచ్చన్న గారు గొడవ చేసినారు, అంతా కలిసి అవిశ్వాసం దాకా వచ్చింది. కల్లు ముంత దగ్గర ఒక ముఖ్యమంత్రి కుర్చీ పోయిందని చిన్నాయన నవ్వుతా చెప్తాడు, అప్పటికి ఈయనకి నాలుగేండ్లు, అంతా జేజినాయన నోట విన్నదే.

సరే వీధిలోకి పోయినాం. చిన్నాయన తిన్నగా ఒక సెల్‌ఫోన్ అంగడి ముందర నిలబడి ఇదే అన్నాడు. పక్కనే ఇస్త్రీ బండి పెట్టుకున్న ముసలాయన, ఈయనకి ఎప్పటినుంచో తెలిసిన సాయిబు, బొగ్గులు ఊదుకుంటా "నై నై, అన్నా, ఈడ కాదు, ఈడ ఉండింది మా మామ టీ అంగడి, నీ హోటల్ ఎదురు వరసలో" అన్నాడు. ఇంగ చూస్కో. ఈయన తూర్పు వరసంటాడు, ఆయన పడమర వరసంటాడు, పొద్దున పూట ఎండ బల్ల మీద పడేదని ఈయన సాక్ష్యం, సాయంత్రం పూట అని ఆయన సాక్ష్యం. పావుగంటైనా తేలలేదు కానీ మధ్యలో ఆ టీ అంగడి గురించి మాత్రం బాగా తెలిసింది. సాసర్‌లో పోసుకొని తాగేది, గాజు సీసాలో ఉస్మానియా బిస్కెట్లు, గోడకి రేడియో, క్రికెట్ కామెంట్రీ ఉన్న రోజు వీధి దాకా జనం. ఎవరికైనా పెండ్లి సంబంధం చూడాలన్నా, పని మనిషి కావాలన్నా, అప్పు కావాలన్నా ఆడికే పోయి అడిగేవాళ్ళంట.

"మరి ఎట్ల పోయినాయి భాయ్?" అంటే ఆయన ఇస్త్రీ పెట్టె పక్కనపెట్టి గోడ మీద తలకి పైన చెయ్యి పెట్టి చూపించినాడు. 2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి వచ్చినాయి, శ్రీశైలం నిండి నీళ్ళు వెనక్కి తన్నినాయి, పాతబస్తీ మునిగిపోయింది, వీళ్ళు మిద్దెల మీద కూర్చున్నారు. నీళ్ళు పోయినాక బురద, షట్టర్లు వంగిపోయినాయి, బల్లలు ఎవరివి ఎవరి గుమ్మంలో ఉన్నాయో. కానీ సాయిబు ఒక మాట నిజం చెప్పినాడు, హోటళ్ళు వరదకి ముందే సగం చచ్చిపోయినాయి, వరద వచ్చి వాటికి మట్టి చేసింది అంతే. గంట కూర్చునేవాన్ని కూర్చోనిస్తే బాడుగ ఎట్ల కడ్తారు, సెల్‌ఫోన్ అంగడోడు అదే జాగాకి ఎన్నింతలో ఇస్తానంటే ఓనరు ఊరుకుంటాడా.

ఉడిపి హోటల్ పక్క సందులో కల్లు దుకాణం కూడా ఉండెనంట. ఇది ఎక్కడుండెనో మాత్రం ఇద్దరికీ ఒకటే గుర్తు, చూడు విడ్డూరం. ఆ పాత నిషేధం ఎత్తేసినాక, చిన్నాయన కుర్రతనంలో మట్టి ముంతలు, ఉడకబెట్టిన శనిగ గుడాలు, బోటీ కూర. తర్వాత ఆడనే సారాయి అంగడి, ఎనభైల్లో వారుణి వాహిని అని సర్కారే ప్యాకెట్లలో పోసి అమ్మిందాకా పోయింది. అప్పటికి కూర్చునే పనే లేదు, ప్యాకెట్ కొరికి తాగి పడిపోవడమే.

ఇద్దరూ ఆ రోజులు ఆ రోజులని కొంచెం తీపిగా మాట్లాడుకుంటాంటే పక్కన పూలు కడ్తాండే అవ్వ అందుకుంది. "ఏం రోజులు నాయనా, మీ మగోళ్ళకి రోజులు. ఆ హోటల్లో మేమెప్పుడన్నా కూర్చున్నామా? సొట్టగిన్నె పట్టుకొని ఎనక వాకిట్లో నిలబడితే సాంబారు పోసేటోళ్ళు." ఎనక వాకిలి ఎటుండె అవ్వా అని నేను ఆత్రంగా అడిగితే ఆమె సాయిబు వైపు కాదు, చిన్నాయన వైపు కాదు, వీధి చివరికి చూపించింది, అది మూడోది. సారాయి అంగడి గురించైతే "పోతే పీడ పోయింది, నెల్లూరు కాడ దూబగుంటలో ఆడోళ్ళు లేసినారని తెలిసి ఈడ మేం చీపుర్లు పట్టుకొని పోయినాం" అనింది. 1993లో సారాయి పోయింది, 1995లో మొత్తం మందే బందు, రెండేండ్లకి మళ్ళీ తెరిచినారు. తర్వాత సర్కారు అంగడి, మళ్ళీ ప్రైవేటు. ఆ అవ్వకి అన్ని సంవత్సరాలూ షట్టర్ లెక్కలోనే గుర్తున్నాయి, మొగుడు ఏ యేడు ఇంటికి జీతం తెచ్చినాడో ఆ లెక్క. చిన్నాయన ఏం మాట్లాడలేదు, మల్లెపూలు రెండు మూరలు కొన్నాడు పిన్నమ్మకి.

తిరిగొచ్చేటప్పుడు ఆటో ఆయనకి దారి చెప్తా చిన్నాయన రాజ్‌విహార్ సెంటర్ మీదుగా పొమ్మన్నాడు. చూడు, అదీ హోటల్ పేరే, సెంటర్‌కి అతుక్కొని ఊరి పేరులో కలిసిపోయింది, ఆ ఆటో కుర్రోడికి అది హోటల్ పేరని తెలుసో లేదో. మా ఉడిపి హోటల్‌కి ఆ భాగ్యం లేదు, పేరుంటేనే కదా అతుక్కునేది.

బస్సు జడ్చర్ల దాటినాక చిన్నాయన ఫోన్. చేరినావా అని అడుగుతాడేమో అనుకున్నా. "ఒరే, ఇదంతా నువ్వు యాడన్నా రాస్తావేమో, ఆ సాయిబు చెప్పింది రాయొద్దు, తూర్పు వరసే, నాకు బాగా తెలుసు" అని పెట్టేసినాడు. మళ్ళీ అర నిమిషానికి ఇంకోసారి చేసి, "ఆయమ్మ చెప్పింది మాత్రం రాయి" అన్నాడు.